ఫొటోకి ఏ రంగు కట్టుకుందాం?

సంక్రాంతికి అందరూ ఊరొస్తున్నారు. నాన్నగారి షష్టిపూర్తి దగ్గరపడింది. అమెరికా నుంచి అక్కావాళ్లు దిగుతున్నారు. ఇంటిల్లిపాదీ కలిసి మంచి ఫొటో ఒకటి తీయించుకోవాలనుకోగానే ముందొచ్చే ప్రశ్న బట్టల గురించే. ఈమధ్య చాలా ఇళ్లలో 'అందరం ఒకే రంగు' అన్న జవాబు ఖాయమైపోతోంది. అంతకంటే మంచి జవాబు, ఖర్చు లేని జవాబు ఇంట్లోనే ఉంది.

ఫొటో దిగుదామని అనుకున్న రోజే కుటుంబ వాట్సాప్ గ్రూపులో చర్చ మొదలవుతుంది. 'ఆడవాళ్లందరం లావెండర్, మగవాళ్లంతా క్రీమ్' అని ఎవరో ఒకరు కలర్ కోడ్ పెడతారు. ఒకరి దగ్గర ఆ రంగు చీర ఉండదు. ఇంకొకరికి ఆ రంగు నప్పదు. చివరికి అందరూ కొత్తవి కొంటారు. బజారు కూడా ఈ సరదాని బాగానే పట్టుకుంది. ఒకే తానులోంచి అమ్మకి చీర, కూతురికి లంగా, నాన్నకీ కొడుక్కీ కుర్తాలు తీసి 'ఫ్యామిలీ కాంబో' పేరుతో అమ్ముతున్నారు. డబ్బు పెడితే ఒక్క పూటలో పని తెమిలిపోతుంది.

తేడా ఫొటో చేతికొచ్చాక తెలుస్తుంది. భుజం భుజం ఆనించి నిలబడ్డ అక్కచెల్లెళ్ల చీరలు ఒకే రంగువైతే ఎవరి చీర ఎక్కడ అయిపోయిందో, ఎవరిది ఎక్కడ మొదలైందో పోల్చుకోలేం. ఒళ్లో కూర్చున్న పసిపిల్ల గౌను కూడా అమ్మ చీర రంగుదే అయితే పిల్ల ఒళ్లు చీరలో కలిసిపోయి ముఖం, చేతులు మాత్రమే మిగులుతాయి. చామనఛాయ ముఖానికి వెలుగునిచ్చిన రంగు పచ్చని ఛాయ ఉన్న ముఖాన్ని వెలవెలబోయేలా చేస్తుంది. చూసేవాళ్లకి ముందు రంగు కనిపిస్తుంది, మనుషులు ఆ తర్వాత కనిపిస్తారు.

కుటుంబ ఫొటోలో ముందు కనిపించాల్సింది ముఖాలు. అమ్మమ్మ గడ్డం మనవరాలికి వచ్చిందా, తాతయ్య కనుబొమలు ఎవరికొచ్చాయి అని పదేళ్ల తర్వాత వేలు పెట్టి చూపించుకునేది వాటినే. రంగుల ఎంపిక అంతా ఆ ముఖాల కోసం జరగాలి. దానికి అందరికీ ఒకే రంగు అక్కర్లేదు. ఒకదానితో ఒకటి పొసిగే నాలుగైదు రంగులు చాలు. ఆ రంగుల్ని ఇంట్లో అందరికంటే పెద్దావిడ ఆ రోజు కట్టుకోబోయే చీర నుంచి తీసుకోవాలి.

ఆ నల్ల చీర నలుపు కాదు

ఇళ్లలో గోడల మీదుండే పాత పెళ్లి ఫొటోలు చూడండి. పెళ్లికూతుళ్లు చాలామంది నల్ల చీరలో కనిపిస్తారు. నుదుటి బొట్టు కూడా నల్లగానే ఉంటుంది. శుభకార్యానికి నలుపు కట్టరే అని అనుమానం వస్తుంది. ఆ చీర చాలాసార్లు ఎర్రచీరే. అప్పటి ప్లేట్లకీ ఫిల్ముకీ నీలం, ఆకుపచ్చ వెలుగులు తెలిసేవిగానీ ఎరుపు తెలిసేది కాదు. ఆర్థోక్రొమాటిక్ అనే ఆ రకం మీద ఎర్రచీర, కుంకుమ బొట్టు, తాంబూలం పండిన పెదవులు అన్నీ నల్లబడేవి. నీలం రంగు వెలిసిపోయినట్టు తెల్లగా వచ్చేది. 20వ శతాబ్దం మొదట్లోనే అన్ని రంగులూ పట్టే పాంక్రొమాటిక్ ప్లేట్లు బజారులోకి వచ్చినా పాత రకం చాలాకాలం నడిచింది. చీకటి గదిలో ఎర్ర దీపం పెట్టుకుని, కళ్లతో చూసుకుంటూ కడుక్కునే వీలుండటం అందుకో కారణం.

రాజా దీన్‌దయాళ్ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా పనిచేసిన రోజులవి. సికింద్రాబాద్‌లో ఆయనకి స్టూడియో ఉండేది. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాద్‌లో జనానా స్టూడియో కూడా తెరిచి, దాన్ని ఒక మహిళ చేతికే అప్పగించారు. ఆ కాలపు ఫొటోల్లో రంగన్నదే లేదు. పక్కపక్కనున్న మనుషుల్ని విడదీసి చూపించింది ముదురు, లేత తేడా ఒక్కటే. కలర్ వచ్చి ఇంతకాలమైనా ఆ పాఠం మారలేదు. రెండు రంగులు వేరైనా ముదురులో సమానమైతే ఫొటోలో అతుక్కుపోతాయి.

కలర్ ఫొటో కథ కూడా బట్టతోనే మొదలైంది. 1861లో జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ లండన్‌లో చూపించిన తొలి కలర్ ఫొటో ఒక గళ్ల రిబ్బనుది. ఎరుపు తెలియని ప్లేట్ల మీద ఆ రిబ్బను ఎరుపు ఎలా పడిందన్న చిక్కు చాలాకాలం విడలేదు. రిబ్బనులోని ఎర్ర అద్దకం కంటికి కనబడని అతినీలలోహిత కిరణాల్ని కూడా వెనక్కి పంపిందనీ, ప్లేటు పట్టుకున్నది వాటినేననీ 100 ఏళ్ల తర్వాత 1961లో కొడాక్ పరిశోధకులు తేల్చారు. బట్ట మీది రంగు కంటికి ఒకలా, కెమెరాకి ఇంకొకలా కనిపిస్తుందన్నది ఆ తొలి ఫొటో నుంచీ ఉన్న సంగతే. దుకాణం అద్దంలో బాగుందనిపించిన రంగు ఫొటోలో బాగుండకపోవడం మన కంటి తప్పు కాదు.

పక్కనున్న రంగు

1824లో పారిస్‌లోని గోబ్లాన్ నేతశాలలో అద్దకాల విభాగానికి మిషెల్ షెవ్రల్ అధిపతి అయ్యాడు. అక్కడి నల్లదారం నిఖార్సయిన నలుపుగా కనిపించడం లేదని ఆయనకి ఫిర్యాదు వచ్చింది. రసాయన శాస్త్రవేత్త కాబట్టి అద్దకాన్నే పరీక్షించాడు. దారంలో లోపం లేదు. పక్కన నేసిన నీలం, ఊదా దారాల వల్లే నలుపు వెలిసినట్టు అనిపిస్తోందని తేలింది. ఏ రంగైనా పక్కనున్న రంగుని బట్టి మారి కనిపిస్తుందన్న ఆ సూత్రాన్ని 1839లో పెద్ద పుస్తకంగా రాశాడు.

మన నేతగాళ్ల చేతుల్లో ఈ జ్ఞానం ముందునుంచీ ఉంది. గద్వాల చీరకి ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. అంచుకి ఎదురు రంగు వేయడంతో ఒంటి రంగు నిగ్గుదేలుతుంది. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు వేసి నేస్తే నెమలికంఠం పుడుతుంది. ఎరుపు, నలుపు, తెలుపు మూడే రంగులతో తేలియా రుమాలు ఎన్ని డిజైన్లు చూపించిందో! కుటుంబ ఫొటోకి కావాల్సిన రంగుల లెక్క మన బీరువాల్లోని చీరల మీదే ఉంది. ఏ మంచి చీరైనా తీసి దాని ఒళ్లు, అంచు, కొంగు, బుటా రంగుల్ని విడివిడిగా చూడండి. నేర్పున్న చేయి ఎంచిన మూడు నాలుగు రంగులు పొందిగ్గా కనిపిస్తాయి. ఆ రంగుల్నే మనుషుల మధ్య పంచుకుంటే సరి. మల్లె, కనకాంబరం, మరువం, దవనం దేని రంగు దానికుంటూనే ఒక కదంబ మాల అయినట్టు, ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కో రంగులో ఉన్నా అందరూ ఒక ఇంటివాళ్లని తెలుస్తుంది.

పెద్దావిడ చీర నుంచి..

మొదలు పెద్దావిడే ఎందుకంటే, ఇంట్లో అందరూ సర్దుకోగలరు, ఆవిడ సర్దుకోనక్కర్లేదు. ఇరవయ్యేళ్ల అమ్మాయి ఏ రంగైనా వేసుకుంటుంది. డెబ్భై దాటిన నానమ్మకి తనకంటూ కొన్ని రంగులు, ఒక నేత, ఒక బరువు అలవాటై ఉంటాయి. అలవాటైన చీరలో ఆవిడ ఒళ్లు కుదురుగా, ముఖం నిబ్బరంగా ఉంటుంది. కొత్త లావెండర్ జార్జెట్‌లో కొంగు సర్దుకోవడంతోనే ఆవిడకి సరిపోతుంది.

భర్త పోయాక ముదురు రంగులు, పెద్ద అంచులు మానేసిన నానమ్మలు చాలా ఇళ్లలో ఉన్నారు. 'ఈ వయసులో నాకెందుకమ్మా రంగులు' అంటూ లేత గంధం రంగో, బూడిద రంగో కట్టుకుని ఓ పక్కన నిలబడతారు. చుట్టూ అందరూ రాణీ పింక్‌లో మెరుస్తుంటే ఫొటోలో ఆవిడ పరాయిదానిలా కనిపిస్తుంది. ఆవిడని బలవంతపెట్టి రంగు కట్టించడం మర్యాద కాదు. ఆవిడ లేత చీరకి తగ్గట్టు మిగతావాళ్లు తగ్గడం మర్యాద. నడిమధ్య కూర్చోబెట్టి, చుట్టూ ఇటుక రంగు, ముదురు ఆకుపచ్చ, నేరేడుపండు రంగు లాంటి నిండు రంగులు నిలబడితే ఆ లేత చీరే ఫొటోకి వెలుగవుతుంది. కాంబో బట్టల్లో ఈ వీలు లేదు.

ఇప్పుడు ఒక ఇల్లు అనుకుందాం. తాతయ్య, నానమ్మ, కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, ముగ్గురు పిల్లలు. నానమ్మ మస్టర్డ్ పసుపు ఒంటికి మెరూన్ అంచున్న గద్వాల చీర కడతానంది. మస్టర్డ్ ఆవిడ ఒక్కరికే వదిలేయాలి. అప్పుడు చూసేవాళ్ల కన్ను ముందు ఆవిడ దగ్గరే ఆగుతుంది. మెరూన్‌ని ఆవిడ అంచు నుంచి తీసి ఇంకో రెండు చోట్ల కొద్దిగా పెట్టాలి. తాతయ్య కండువా అంచు ఒకటి, కోడలి జాకెట్టు ఒకటి. ఫొటోలో మూడు మూలల్లో ఒకే రంగు పలికితే మనుషులు కలిసినట్టు కనిపిస్తారు. కోడలికి ఆ జాకెట్టు మీద ఉల్లిపొర రంగు చీర. కూతురికి నెమలికంఠం నీలంలో పోచంపల్లి ఇక్కత్. పెద్ద డిజైన్ ఉన్న బట్ట ఆమెది ఒక్కటే ఉండాలి, మిగతావన్నీ సాదావే మేలు. అల్లుడికి ముదురు నీలం కుర్తా, కొడుక్కి మీగడ రంగు. పదేళ్ల పిల్లకి ఉల్లిపొర రంగు లంగా, నీలం జాకెట్టు. దాని తమ్ముడికి ఇటుక రంగు కుర్తా. కోడలి ఒళ్లో చంటిదానికి మీగడ రంగు గౌను వేస్తే ఉల్లిపొర చీర మీద విడిగా కనిపిస్తుంది. అల్లుణ్నీ కూతుర్నీ పక్కపక్కన నిలబెడితే రెండు నీలాలు కలిసిపోతాయి కాబట్టి మధ్యలో ఇటుక రంగు కుర్తా పిల్లాణ్ని నిలబెట్టాలి. వీటిలో చాలావరకు ఇళ్లలో ఉండేవే, కొత్తగా కొనాల్సింది ఒకటీ అరా.

కెమెరాకి గిట్టనివి

డిజిటల్ కెమెరా లోపలి సెన్సర్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం గళ్లతో వెలుగు పట్టుకుంటుంది. 1976లో కొడాక్ శాస్త్రవేత్త బ్రైస్ బేయర్ పేటెంట్ పొందిన అమరికలో సగం గళ్లు ఆకుపచ్చవి, పావు వంతు ఎరుపువి, పావు వంతు నీలానివి. మంచి ఎర్ర పట్టుచీర మీద ఎండ పడితే ఎరుపు గళ్లు అంచుదాకా నిండిపోతాయి. నిండాక మడత, బుటా, నేత ఏవీ నమోదు కావు. చీరంతా ఎర్రటి ముద్దలా వస్తుంది. రాణీ పింక్‌తో ఇంకో బాధ. మామూలు తెరలూ ప్రింట్లూ చూపించగల రంగుల పరిధిని ఆ నిగారింపు దాటిపోతుంది. ఎరుపు మీద మనసుంటే మెరూన్, ఇటుక ఎరుపు, దానిమ్మ గింజ రంగు వైపు జరగండి. ఎర్రచీరే కట్టాలంటే నీడలో దిగండి, వెలుగు కాస్త తగ్గించి తీయమని ఫొటోగ్రాఫర్‌కి చెప్పండి.

సన్న గీతల చొక్కాలు, చిన్న గళ్ల చీరలు కంటికి ముచ్చటగా ఉంటాయి. గీతల వరస సెన్సర్ గళ్ల వరస మీద పడితే బట్ట మీద లేని అలలు, ఇంద్రధనుస్సు రంగులు పుట్టుకొస్తాయి. ఫొటోగ్రాఫర్లు దీన్ని మోయిరే అంటారు. దాన్ని తర్వాత కంప్యూటర్‌లో తుడవడం కష్టం.

తెలుపుతో జాగ్రత్త. కెమెరా మీటరు ఎదురుగా ఉన్నదంతా సగటున ఒక మధ్యరకం బూడిద రంగనుకుని వెలుగు లెక్కగడుతుంది. అందరూ తెల్లబట్టల్లో ఉంటే వెలుగెక్కువైందనుకుని తగ్గించేస్తుంది, ముఖాలు నల్లబడతాయి. ముఖాల్ని గుర్తుపట్టే ఫోన్లు వచ్చాక ఈ బెడద తగ్గిందిగానీ పోలేదు. ఇంకో చిన్న సంగతి మగవాళ్ల దగ్గర. పట్టుపంచె సహజంగా మీగడ రంగు. చొక్కా బజారు తెలుపు. చొక్కాకి పట్టించిన తెల్లదనపు మందులు అతినీలలోహిత కిరణాల్ని తాగి నీలపు మెరుపు విడుస్తాయి. ఎండలో తీసిన ఫొటోలో చొక్కా నీలంగా, కొత్త పంచె కూడా మాసినట్టుగా వస్తుంది. పంచె పక్కన చొక్కా పెట్టి చూసుకుని, మీగడ రంగు చొక్కాయే వేసుకోండి.

జరీ మీద సూటిగా ఫ్లాష్ పడితే తెల్లటి మచ్చలవుతుంది. పక్కనుంచి వచ్చే వసారా వెలుతురులో అదే జరీ బంగారంలా నిలుస్తుంది.

ముఖానికి ఆనుకున్న రంగు

చీర ఆరు గజాలైనా ముఖానికి దగ్గరగా ఉండేది జాకెట్టు, భుజం మీది కొంగు. అద్దంలో చూసుకునేటప్పుడు చీర రంగు నప్పిందా అనుకుంటాం, నిజానికి ఫొటోలో ముఖాన్ని మార్చేది జాకెట్టు రంగు. చిలకపచ్చ, నియాన్ ఆరెంజ్ లాంటి గట్టి రంగుల మీద పడ్డ ఎండ గడ్డం కిందికీ మెడ మీదికీ ఎగజిమ్మి ఆ రంగే పులుముతుంది. నచ్చిన చీర రంగు ముఖానికి నప్పకపోతే చీర మానక్కర్లేదు, జాకెట్టు మార్చితే చాలు. మగవాళ్లకి ఈ పని కండువా చేస్తుంది.

'నల్లగా ఉన్నావు, ముదురు కట్టకు' అన్న మాట ఎన్ని ఇళ్లలో ఎంతమంది ఆడపిల్లల్ని వెనక వరసలోకి నెట్టిందో! ఆ మాట తప్పు. కలర్ ఫిల్ము రోజుల్లో ల్యాబులు రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ 'షర్లీ కార్డు' పంపేది. దాని మీద ఉండేది తెల్లజాతి యువతి ఫొటో. ఆమె చర్మం చక్కగా వస్తే అన్నీ సరిగ్గా ఉన్నట్టే. ఆ కొలతతో కడిగిన ప్రింట్లలో గోధుమ, నలుపు ఛాయల ముఖాల్లోని వివరాలు పోయేవి. రకరకాల ఛాయల స్త్రీలతో కొత్త కార్డు రావడానికి 1990ల దాకా పట్టింది. అప్పటి ఫొటోల్లో నల్లగా వచ్చానని బాధపడ్డవాళ్లలో ఏ లోటూ లేదు, లోటు ఆ కొలతలో ఉంది. ఇప్పటి కెమెరా ముందు నిండు చామనఛాయకి పచ్చల ఆకుపచ్చ, మెరూన్, మస్టర్డ్, ముదురు నీలం రాజసంగా ఉంటాయి. ముఖం ఛాయకి మరీ దగ్గరగా ఉండే గోధుమ రంగు, బిస్కెట్ రంగు మాత్రం ఎవరికైనా ముఖాన్ని బట్టలో కలిపేస్తాయి. వాటిని ముఖానికి దూరంగా, కుచ్చిళ్లలోనో పంచెలోనో ఉంచండి.

వెనకాల ఏముంది?

కోనసీమ కొబ్బరితోటలో దిగితే ఆకుపచ్చ కట్టొద్దు, తోటలో కలిసిపోతారు. గడ్డి మీద పడి లేచే వెలుగు ముఖాలకి పచ్చదనం పూస్తుంది కాబట్టి గడ్డి మధ్యలో కాకుండా మట్టిబాట మీద నిలబడాలి. కనకాంబరం, మామిడిపండు పసుపు, మీగడ రంగు అక్కడ బాగుంటాయి. భీమిలి తీరంలో నీలం, బూడిద కలిసిన వెనకతెర ముందు ఇటుక, తేనె, ఉల్లిపొర రంగులు నిలుస్తాయి. హైదరాబాద్‌లో కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర రాతి రంగు నిదానంగా ఉంటుంది, నిండు పట్టుచీరలన్నిటికీ చోటిస్తుంది. సంక్రాంతికి ఊళ్లో గడ్డివాము ముందు పసుపు, గంధం రంగులు తేలిపోతాయి, నీలం, నేరేడు రంగులు విడిగా నిలుస్తాయి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో మనవాళ్లు ఆకులు రాలే కాలంలో ఫొటోలు దిగుతారు. చెట్లన్నీ నారింజ, ఎరుపులో ఉన్నప్పుడు మనమూ అవే కడితే చెట్టుకీ మనిషికీ తేడా ఉండదు. ముదురు నీలం, నెమలికంఠం, మీగడ రంగు పట్టుకెళ్లండి.

వేళ కూడా రంగు మారుస్తుంది. పొద్దు వాలే వేళ వెలుగులో పసుపు ఎక్కువ, చెట్టునీడలో నీలం ఎక్కువ. సాయంత్రపు ఎండలో మీగడ రంగు బంగారు ఛాయకి తిరిగితే, నీడలో అదే తెలుపుకి దగ్గరవుతుంది. ఫంక్షన్ హాల్లో పసుపు బల్బులు, తెల్ల ఎల్ఈడీలు కలగలిసి వెలిగితే ఒకే చీర రెండు రంగుల్లో కనిపిస్తుంది. ఫొటో దిగే చోట ఏదో ఒక రకం దీపాలు ఆర్పించండి.

మంచం మీద పరీక్ష

వారం ముందు: పెద్దావిడ చీర తెలుసుకోండి. దాని ఒళ్లు, అంచు, బుటాల్లోంచి మూడు నాలుగు రంగులు రాసుకుని గ్రూపులో పెట్టండి. ఎవరి బీరువాలో ఏముందో ఫొటోలు తీసి పంపమనండి.

నాలుగు రోజుల ముందు: ఎంచిన బట్టలన్నీ కిటికీ పక్కన మంచం మీద, ఎవరు ఎక్కడ నిలబడతారో ఆ వరసలో పరవండి. దూరాన ఉన్నవాళ్ల బట్టల చోట ఆ రంగు తువ్వాలో దుప్పటో పెట్టండి. నానమ్మ చీర మధ్యలో ఉండాలి. ఫోన్‌తో ఫొటో తీయండి.

ఆ ఫొటోని ఫోన్‌లోనే నలుపు తెలుపుకి మార్చండి. పక్కపక్కన రెండు బట్టలు ఒకే బూడిద రంగులో కలిసిపోతే మనుషుల చోటు మార్చండి, కుదరకపోతే ఒకరి బట్ట మార్చండి. మళ్లీ కలర్‌కి తెచ్చి, ఫోన్ చేయి చాచినంత దూరం పట్టుకుని చూడండి. నానమ్మ చీర కంటే ముందు ఏదైనా కంటబడితే తీసేయాల్సింది అదే.

ముందు రోజు: ఇస్త్రీ, జాకెట్టు హుక్కులు, పిల్లల బట్టల కొలతలు చూసుకోండి. పెద్ద అక్షరాలున్న టీషర్టులు, కార్టూన్ బొమ్మలు పక్కన పెట్టండి. గాజులు, పూలు, చెప్పులు కూడా ఆ మూడు నాలుగు రంగుల్లోవే తీసి ఉంచండి.

ఇంత సిద్ధం చేశాక కూడా ఆఖరి నిమిషంలో ఆరేళ్ల పిల్లాడు పట్టు కుర్తా గుచ్చుకుంటోందని మొరాయించి, తన పాత పచ్చ చొక్కాయే కావాలంటాడు. వేసుకోనివ్వండి. ఏడ్చి ఎర్రబడ్డ ముఖాన్ని ఏ రంగూ కాపాడలేదు. మీగడ రంగు కట్టుకున్న తాతయ్య ముందు వాణ్ని నిలబెట్టండి, ఆ పచ్చ చక్కగా అమరిపోతుంది.